మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు

మొన్న శ్రావణమాసానికి ముందు ఒక తలనూనె కంపెనీ వాళ్లతో మీటింగు. వాళ్ల తరఫున మాట్లాడిన అబ్బాయికి పాతికేళ్లు ఉంటాయేమో. "సార్, మనం నూనె ఊసెత్తకూడదు. ముందు ఆడవాళ్లకి పనికొచ్చే కబుర్లు చెప్పాలి. మన పేజీకి అలవాటు పడితే నూనె దానంతటదే అమ్ముడుపోతుంది" అన్నాడు. దీన్ని కంటెంట్ మార్కెటింగ్ అంటారట. నిన్నగాక మొన్న కనిపెట్టిన విద్యలాగా బోర్డు మీద బాణాలు గీసి మరీ చూపించాడు. ఇరవై ఏడేళ్లుగా ప్రకటనలు రాసుకుని బతుకుతున్నవాణ్ని, తలూపి ఊరుకున్నాను. ఇంటికొచ్చే దారిలో మాత్రం కేసరిగారే గుర్తొచ్చారు.

ఒంగోలు వైపు పల్లెటూరి నుంచి చిన్నతనంలోనే మద్రాసు చేరి, ఆయుర్వేద వైద్యుడైన కె.ఎన్. కేసరిగారి 'లోధ్ర' ఆడవాళ్ల మందు. లొద్దుగ చెట్టు బెరడును స్త్రీల జబ్బులకు వాడటం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉన్నదే. చిక్కల్లా అమ్మడంలో ఉంది. ఆ జబ్బుల మాట నలుగురిలో ఎత్తితేనే తప్పనుకునే కాలం. కొనాల్సిన మనిషి వంటింట్లో ఉంటుంది, డబ్బు మొగుడి జేబులో ఉంటుంది. గోడ మీద రాయించే సరుకు కాదిది. కేసరిగారు 1928లో ఏకంగా ఒక పత్రికే పెట్టేశారు. దాని పేరు 'గృహలక్ష్మి'.

అది మందు కరపత్రం కాదు. నిఖార్సైన పత్రిక. కనుపర్తి వరలక్ష్మమ్మగారి 'శారద లేఖలు' అందులోనే వచ్చాయి. శారద తన స్నేహితురాలు కల్పలతకు ఉత్తరాలు రాస్తుంది. ఇంటి కబుర్లతో పాటు బాల్యవివాహాలను ఆపడానికి వచ్చిన శారదా చట్టం లాంటివీ వాటిలో చర్చకొస్తాయి. కేసరిగారు అక్కడితో ఆగక రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించే ఏర్పాటు చేశారు. 1934లో వరలక్ష్మమ్మగారు ఆ కంకణం అందుకున్నారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే కమ్యూనిటీ, కంటెంట్, అవార్డుల ఫంక్షను అన్నీ ఆయనకు ఉన్నాయి. లైకులు లెక్కపెట్టే మిషను ఒక్కటే లేదు. మందు కావాలంటే కార్డు ముక్క రాస్తే చాలు, వి.పి.పి.లో గుమ్మంలోకి వస్తుంది. డబ్బు పోస్టుమాన్ చేతిలో పెట్టి పార్సిలు తీసుకోవడమే. క్యాష్ ఆన్ డెలివరీ అని మనం గొప్పగా చెప్పుకునే ఈ పద్ధతి మన తపాలా శాఖలో 1877 నుంచీ ఉంది.

కేసరిగారి కంటే ముందు ఈ దారి తొక్కినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయనది కృష్ణా జిల్లా ఎలకుర్రు. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి దగ్గరే కాబట్టి కొంచెం పక్షపాతంగా రాస్తే క్షమించండి. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభలకు వచ్చినవాళ్లకు ఊరికే పంచిపెట్టేవారని చెబుతారు. గంటల తరబడి కచేరీలో కూర్చున్న మనిషి తలకు ఆ మందు విలువ వేరే వివరించి చెప్పాలా? అదీ సరైన చోటు చూసుకోవడమంటే. ఇవాళ షాంపూ సాచెట్లు చేతిలో పెట్టి పొమ్మనే కంపెనీలకు ఆ ఒడుపు తెలియదు.

ఆ పసుపు మందు సంపాదించిపెట్టిన డబ్బుతో 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రిక తెచ్చారు. అంతకు ముందు ఏడాది సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లినప్పుడు తెలుగులో మంచి పత్రిక లేని లోటు ఆయనకు తగిలిందట. 1914లో మద్రాసుకు మారి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో 'భారతి', ఆ తర్వాత ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో ఒడంబడిక రాసుకున్న శ్రీబాగ్ కూడా ఆయన ఇల్లే. ఆంధ్రుల పెద్ద తలనొప్పి ఒకటి తలనొప్పి మందు యజమాని ఇంట్లో చర్చకు రావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

పత్రికలవాళ్లు ప్రకటనల కోసం కంపెనీల గుమ్మాలు ఎక్కడమే మనకు తెలుసు. ఇక్కడ తిరగబడింది. ప్రకటన ఇవ్వాల్సినవాడే పత్రిక పుట్టించాడు. సరుకు అమ్మడానికి చదువరి కావాలి. చదువరి లేకపోతే తయారుచేసుకోవాలి. ఇందులో దేశసేవ ఎంత, వ్యాపారం ఎంత అని తూకం వేసేవాళ్లున్నారు. పంతులుగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన మనిషి. ఆ తూకం నా చేతనైన పని కాదు.

అయితే ఆ కాలపు మందుల ప్రకటనలన్నీ నెత్తిన పెట్టుకోవాల్సినవి కావు. ఒకే లేహ్యం నీరసం నుంచి నపుంసకత్వం దాకా సమస్తం పోగొట్టేది. 1954లో మాయమందుల ప్రకటనల చట్టం వచ్చి మధుమేహం, క్యాన్సర్ లాంటివి నయం చేస్తామని ప్రకటించకూడదంది. మా వృత్తిలో జాగ్రత్త అనేది వాతలు పడ్డాకే వచ్చింది. ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని పొగిడితే ఆ సంగతి చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం పెట్టాల్సి వచ్చిందంటే, రోగం ముదిరాకే వైద్యం మొదలయ్యే ఆనవాయితీ పోలేదన్నమాట.

నాకు అసలు బెంగ భాషతోనే. ఆ తొలినాటి ప్రకటనల్లో 'కలదు', 'పంపబడును' అనే గ్రాంథికం ఉన్నా, రాసినవాడు తెలుగులోనే ఆలోచించి రాశాడు. సినిమా బండి మైకులోంచి వినబడిన 'ఆలసించిన ఆశాభంగం' చూడండి. రెండే మాటలు, రెండూ సంస్కృతంలోంచి వచ్చినవే, అయినా రిక్షావాడి దగ్గర్నుంచి కరణంగారి దాకా అందరికీ అర్థమైంది. ఇక టీవీ వచ్చాక మా పని అనువాదం అయిపోయింది. బొంబాయిలో తీసిన ఫిల్ము వస్తుంది. హిందీలో ఆ అమ్మాయి నోరు ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెట్టి అన్ని అక్షరాల్లో తెలుగు ఇరికించాలి. ఒకసారి సబ్బు ప్రకటనకు 'మెత్తని చర్మం' అని రాసిస్తే, మోటుగా ఉందని కొట్టేసి 'మృదువైన త్వచ' అని తిప్పి పంపారు. త్వచ ఏమిటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

నేను పని నేర్చుకున్నది జిల్లా అనుబంధాల మీద. 1989లో ఈనాడు వాటిని మొదలుపెట్టాక, రాష్ట్రమంతటికీ ప్రకటన ఇచ్చుకునే తాహతు లేని కొట్లవాళ్లకు కూడా తమ జిల్లా వరకు వేసుకునే వీలు దొరికింది. నేను ఈ వృత్తిలోకి వచ్చేసరికి బట్టల కొట్లవాళ్లు, చెప్పుల షాపులవాళ్లు ఇలాంటి పేజీలకే ఎగబడేవాళ్లు. గుడివాడలో ఒక బట్టల కొట్టాయన కోసం రాసిన తొలి కాపీ గుర్తుంది. నేను అరపేజీ కవిత్వం రాసుకెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని అంతా చదివి, "బాబూ, ఇదంతా తీసెయ్. మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు అని పెద్దక్షరాల్లో వెయ్" అన్నారు. అప్పట్లో నామోషీ అనిపించింది. ఆ ఒక్క మాటలో నకిలీల మీద హెచ్చరికా ఉంది, అదే గల్లాపెట్టె దగ్గర ముప్పై ఏళ్లుగా కూర్చున్న మనిషి పూచీ ఉందని తర్వాతెప్పుడో తెలిసింది.

తలనూనె వాళ్లకు పోయిన వారం కాపీ పంపాను. సీసా అడుగున చిన్నక్షరాల్లో ఆ వాక్యమే పెట్టి చూశాను. సాయంత్రానికి ఆ అబ్బాయి ఫోను చేశాడు.

"లైన్ క్యూట్‌గా ఉంది సార్. కానీ మనకసలు షాపే లేదు కదా, అంతా ఆన్‌లైనే!"