సూరత్ హుండీ, క్రిప్టో వంతెన

బిట్‌కాయిన్ గొడవ మనకెందుకని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కానీ ఇక్కడే సూరత్‌లో మరమగ్గాల షెడ్డులో లెక్కలు రాసే మా మేనల్లుడు మొన్న వచ్చి, "మామయ్యా, బ్రిడ్జి మీదుగా ఇంకో చెయిన్‌కి డబ్బు పంపితే వడ్డీ ఎక్కువట. మనుషుల్ని నమ్మక్కర్లేదు, అంతా గణితమే" అన్నాడు. నమ్మక్కర్లేదు అన్నారంటే హేతువాది చెవులు నిక్కబొడుచుకోవాలి. వాడు పెట్టబోయేది నాలుగేళ్ల పొదుపు.

బ్రిడ్జి అంటే పెద్ద విద్యేమీ కాదు. ఒక చెయిన్‌లోని నాణెం ఇంకో చెయిన్‌లో చెల్లదు. కాబట్టి నాణేన్ని ఇక్కడ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, అక్కడ బదులుగా ఒక చీటీ ఇస్తారు. పెట్టె ఖాళీ అయితే చీటీ చిత్తుకాగితం.

ఈ వ్యాపారం సూరత్‌కి పాతదే. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1676లో అచ్చయిన యాత్రాగ్రంథంలో, సూరత్ మీద రాసే హుండీల ధరలు ఇచ్చాడు. అహ్మదాబాద్ నుంచి నూటికి 1 నుంచి 1½, మన గోల్కొండ నుంచి 4 నుంచి 5, ఢాకా నుంచి 10. ఎందుకంత? దారిలో సరుకు దోపిడీ అయితే అప్పిచ్చినవాడి సొమ్మూ పోతుంది కనుక. అంటే ప్రమాదాన్ని ముందే ధరలో కట్టారన్నమాట. సరుకు క్షేమంగా చేరితేనే చెల్లే హుండీకి జోఖ్మీ అని పేరే ఉంది. షాజోగ్ హుండీని బజారులో పరపతి ఉన్న 'షా'కే చెల్లించాలి. అది దొంగ హుండీ అని తేలితే ఆయనే సొమ్ము వెనక్కివ్వాలి. హుండీ పోతే పేఠ్, అదీ పోతే పర్‌పేఠ్. చెల్లించి రద్దు చేసినది ఖోఖా. లెక్కలవాణ్ణి కనుక నాకు ఖోఖా అంటే ముచ్చట: ఒకే వోచరుకి రెండుసార్లు డబ్బు ఇవ్వకూడదు కదా!

షరాఫులందరూ సత్యహరిశ్చంద్రులని కాదు. వాళ్లూ దివాలా తీశారు. 1664లో శివాజీ సూరత్‌ని దోచినప్పుడు వీర్జీ వోరా అంతటి కుబేరుడి ఇల్లే నిలవలేదు.

ఇక రోనిన్ బ్రిడ్జి సంగతి. ఆక్సీ ఇన్ఫినిటీ అనే ఆట కోసం కట్టారు. తొమ్మిది మంది సంతకందారులు, ఐదు సంతకాలు పడితే సొమ్ము కదులుతుంది. వినడానికి బాగుంది. కానీ నాలుగు తాళాలు ఒకే కంపెనీవి. 2021 నవంబరులో రద్దీ ఎక్కువై, మరో సంతకందారు తన తరఫున సంతకం చేయమని అదే కంపెనీకి తాత్కాలిక అనుమతి ఇచ్చాడు. డిసెంబరులో ఆ ఏర్పాటు ఆగింది, అనుమతి మాత్రం రద్దు కాలేదు. 2022 మార్చి 23న దొంగలు కంపెనీలో చొరబడి ఐదు సంతకాలూ పెట్టేశారు. 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. గణితం ఎక్కడా తప్పలేదు, సంతకాలన్నీ అసలువే! ఇది ఉత్తర కొరియా లాజరస్ ముఠా పని అని ఎఫ్‌బీఐ తర్వాత తేల్చింది.

నన్ను నివ్వెరపరిచింది దొంగతనం కాదు. ఆరు రోజులు ఎవరికీ తెలియదు! మార్చి 29న ఒక ఖాతాదారు 5,000 ఈథర్లు తీసుకోబోతే రాలేదు, అప్పుడు చూసుకున్నారు. మా రక్షణ లెక్కల శాఖలో అధికారి బదిలీ అయితే, వీడ్కోలు టీ కంటే ముందు నమూనా సంతకం రద్దు చేసే ఉత్తరం వెళ్లేది. నగదు పుస్తకం ఏ రోజుకారోజు ముగించకపోతే ఇంటికి పోనిచ్చేవారు కాదు.

అదే ఏడాది ఆగస్టులో నోమాడ్‌లో, మార్పులు చేసిన ప్రోగ్రాములో పొరపాటుతో, రుజువు లేని చీటీ కూడా రుజువైనట్టే లెక్కలోకి వచ్చింది. ఒకడి లావాదేవీని కాపీకొట్టి, చిరునామా మార్చి, జనం సుమారు 19 కోట్ల డాలర్లు ఎత్తుకుపోయారు. 2023లో మల్టీచెయిన్‌లో తాళాలన్నీ అధిపతి ఒక్కడి చేతిలోనే; ఆయన చైనాలో అరెస్టయ్యాక కంపెనీయే ఆ మాట ఒప్పుకుంది.

మేనల్లుడికి కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. పెట్టెలో ఎంత ఉంది? బయట ఎన్ని చీటీలు తిరుగుతున్నాయి? తాళాలు ఎవరెవరి దగ్గర? పోతే ఎవరిస్తారు?

ఆదివారం వచ్చాడు. మొదటి రెండూ తెర మీద సరిపోయాయట. తాళాలు ఐదు, మూడు ఒకే కంపెనీవి. నాలుగో దానికి జవాబు షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంది: ఎవరూ ఇవ్వరు.

"ఒక నెల జీతం మాత్రం వేస్తాను మామయ్యా" అన్నాడు.