జీర్ణోద్ధరణ – చారిత్రక ప్రామాణ్యం: హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

రెండవ ప్రపంచయుద్ధ కాలపు యుద్ధవిమానాలు కొన్ని నేటికీ ఎగురుతున్నాయి. ప్రదర్శనలలో వాటిని చూసేవారు 1940 నాటి విమానాన్నే చూస్తున్నామని భావిస్తారు. అయితే ఆ విమానంలో 1940 నాటి లోహం ఎంత మిగిలింది? పోయిన భాగాన్ని కొత్తగా చేసి అతికించిన తరువాత ఆ వస్తువు చరిత్రకు సాక్ష్యంగా నిలుస్తుందా, స్మారకంగా మాత్రమే మిగులుతుందా? బ్రిటన్‌కు చెందిన హాకర్ హరికేన్, సూపర్‌మెరీన్ స్పిట్‌ఫైర్ విమానాల నిర్మాణాన్ని, పునరుద్ధరణను పోల్చి ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే కాలం – రెండు నిర్మాణ పద్ధతులు:

సిడ్నీ కామ్ రూపొందించిన హరికేన్ 1935 నవంబరు 6న తొలిసారి ఎగిరింది. ఆర్.జె. మిచెల్ రూపొందించిన స్పిట్‌ఫైర్ నాలుగు నెలల తరువాత, 1936 మార్చి 5న ఎగిరింది. రెండింటికీ రోల్స్ రాయిస్ వారి 27 లీటర్ల మెర్లిన్ ఇంజనే ఆధారం. కాలం, ఇంజను ఒకటే అయినా దేహనిర్మాణంలో అవి రెండు వేర్వేరు సంప్రదాయాలకు చెందినవి.

హరికేన్ రెండు రెక్కల అంతస్తులున్న పాత హాకర్ ఫ్యూరీ వారసత్వం నుండి వచ్చింది. దాని అస్థిపంజరం లోహపు గొట్టాల చట్రం. గొట్టాల చివరలను చతురస్రాకారంగా ఒత్తి, పలకలతో, బోల్టులతో బిగించేవారు. చట్రం మీద కొయ్య కమ్ములు అమర్చి, వెనుక భాగానికి నారబట్ట తొడిగి, లేపనం పూసేవారు. తొలి హరికేన్లకు రెక్కలు సైతం బట్టతో కప్పినవే. లోహపు పైకప్పు గల రెక్కలు తరువాత వచ్చాయి.

స్పిట్‌ఫైర్ పద్ధతి వేరు. అందులో అల్యూమినియం మిశ్రలోహపు పైపొర కేవలం కప్పు కాదు. విమానం మీద పడే ఒత్తిడిలో కొంత భాగాన్ని అదే భరిస్తుంది. అండాకారపు పలుచని రెక్క వేగాన్నిచ్చింది కానీ తయారీని కష్టతరం చేసింది.

హైదరాబాదు పేరు గల దళాలు:

ఈ రెండు విమానాలకూ హైదరాబాదు సంస్థానంతో పరోక్ష సంబంధం ఉంది. 1918లోనే నిజాం ఇచ్చిన ధనంతో బ్రిటిష్ వైమానికదళంలోని 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. దానికి హైదరాబాదు పేరు చేరింది. రెండవ ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్, 253వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాదు పేరును ధరించాయి. 1940 నాటి బ్రిటన్ సంగ్రామంలో 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతోను, 253వ స్క్వాడ్రన్ హరికేన్లతోను పోరాడాయి. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగాకు చోటు దక్కింది. ఒక సంస్థానపు ప్రజల పన్నుల సొమ్ముతో ముడిపడిన చరిత్ర దళాల పేర్లలో నిలిచింది. ప్రదర్శనకు వచ్చిన ప్రేక్షకునికి మాత్రం విమానాన్ని చూసినంత మాత్రాన ఈ సంగతి తెలియదు.

మరమ్మతు – పునరుద్ధరణ: తారుమారైన సంబంధం:

బ్రిటన్ సంగ్రామంలో హరికేన్ల సంఖ్యే అధికం. బ్రిటిష్ యుద్ధవిమానాలు కూల్చిన శత్రువిమానాలలో సగానికి పైగా వాటి ఖాతాలోనివే. ఇందుకు మరమ్మతులో ఉన్న సౌలభ్యం కూడా ఒక కారణం. తూటా బట్టను చీల్చుకుపోతే ఆ చోట అతుకు వేసి విమానాన్ని మళ్లీ పంపగలిగేవారు. వంగిన గొట్టాన్ని విప్పి వేరొకటి బిగించేవారు. పాత విమానాల మీద చేయి తిరిగిన పనివారికి ఇది తెలిసిన విద్యే. స్పిట్‌ఫైర్ పైపొర దెబ్బతింటే మరింత నైపుణ్యం గల లోహకారులు, ప్రత్యేక పరికరాలు అవసరమయ్యేవి.

నేడు ఈ సంబంధం తారుమారైంది. ఎగిరే స్థితిలో ఉన్న స్పిట్‌ఫైర్లు హరికేన్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. స్పిట్‌ఫైర్లు ఇరవై వేలకు పైగా, హరికేన్లు పద్నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. కనుక ఈ అంతరాన్ని ఉత్పత్తి సంఖ్య ఒక్కటే వివరించలేదు. స్పిట్‌ఫైర్ యుద్ధానంతరం కూడా సేవలో కొనసాగింది, ప్రజాభిమానం పొందింది. అంతకన్నా గమనించదగినది నిర్మాణ కారణం. అల్యూమినియం రేకును వంచి రివెట్లు కొట్టే విద్య నేటి విమాన పరిశ్రమలోనూ సజీవంగా ఉంది. హరికేన్‌కు కావలసిన ఉక్కు గొట్టాలను ప్రత్యేక ఆకృతిలో ఒత్తే విద్య ఆ కర్మాగారాలతోపాటే అంతరించింది. దానిని పునరుద్ధరించదలచినవారు ముందుగా ఆ పనిముట్లనే పునఃసృష్టించవలసి వచ్చింది. అంటే 1940 నాటి సౌలభ్యం విమానంలో మాత్రమే లేదు. విడిభాగాల సరఫరాలోను, పనివారి చేతులలోను ఉంది. వస్తువు నిలిచి, విద్య పోతే సులభమైనదే దుర్లభమవుతుంది.

రెండు ఉదాహరణలు:

స్పిట్‌ఫైర్ పి 9374 విమానం 1940 మే 24న ఫ్రాన్సులోని కలే సముద్రతీరాన బలవంతంగా దిగింది. ఇసుక దానిని మింగివేసింది. నలభై సంవత్సరాల తరువాత, 1980లో మళ్లీ బయటపడింది. ఉప్పునీటిలో నానిన అల్యూమినియం పైపొర ఎగరడానికి పనికిరాదు. కనుక దేహంలో అధికభాగాన్ని కొత్తగా నిర్మించక తప్పలేదు. అది 2011లో తిరిగి ఎగిరింది.

హరికేన్ ఆర్ 4118 కథ భారతదేశంతో ముడిపడింది. 1940లో 605వ స్క్వాడ్రన్ తరఫున క్రాయ్‌డన్ నుండి బ్రిటన్ సంగ్రామంలో 49 సార్లు యుద్ధవిధికి ఎగిరిన ఈ విమానాన్ని 1943 చివరలో భారతదేశానికి ఓడలో పంపారు. 1947లో అది బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి, ఇంజనీరింగు విద్యార్థుల బోధనకై చేరింది. తరువాత ఆరుబయట పడివుంది. 1982లో దానిని చూసిన పీటర్ వేచర్ అనే ఆంగ్లేయుడు ఎన్నో ఏళ్ల ప్రయత్నం తరువాత 2001లో ఇంగ్లండుకు తరలించాడు. 2004 డిసెంబరు 23న అది మళ్లీ ఎగిరింది. బట్ట, కొయ్య ఎలాగూ మార్చవలసినవే. చట్రం మాత్రం చాలావరకు దక్కింది. ఎవరూ తాకకపోవడమే ఇక్కడ సంరక్షణ అయింది.

గుర్తింపు ఎక్కడ నిలుస్తుంది?

ఈ రెండు విమానాలూ తమ పాత సంఖ్యలతోనే పిలువబడుతున్నాయి. పూరీ జగన్నాథుని నవకళేబరంలో దారుమూర్తులు మారినా, బ్రహ్మపదార్థం పాతమూర్తి నుండి కొత్తమూర్తికి చేరడం వల్ల దైవం ఒకటేనన్న విశ్వాసం నిలుస్తుంది. విమానం విషయంలో ఆ స్థానాన్ని గుర్తింపు సంఖ్య, దానికి అనుబంధమైన పత్రాలు ఆక్రమిస్తాయి. అయితే విశ్వాసానికి చాలినది చరిత్రకు చాలదు. చరిత్రకారునికి ఏ భాగం పాతది, ఏది కొత్తది, ఏది ఊహించి చేసినది అన్న వివరం కావాలి.

తెలుగు పరిశోధకులకు ఇది పరిచితమైన సమస్యే. శిథిల తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు లుప్తభాగాన్ని పూరించవచ్చు. కానీ పూరించిన సంగతిని చెప్పకపోతే తరువాతి తరాలు అతని పూరణనే కవి పాఠంగా గ్రహిస్తాయి. పాఠాంతరాల పట్టిక లేని ప్రతి ఎంత అందంగా ఉన్నా పరిశోధనకు పూర్తిగా ఆధారం కాలేదు. మార్చిన భాగాల వివరం లేని విమానం కూడా అటువంటిదే.

ఏ కాలానికి పునరుద్ధరణ?

మరొక ప్రశ్న మరింత కీలకం. పునరుద్ధరణ ఒక వస్తువు జీవితంలోని ఒక్క క్షణాన్ని ఎంచుకుంటుంది. ఆర్ 4118 నేడు ధరించినది 1940 నాటి 605వ దళపు రంగులు, అక్షరాలు. ఆ దళంలో దాని జీవితం కొద్ది నెలలే. భారతదేశంలో గడిపినది అర్ధశతాబ్దికి పైగా. స్వతంత్ర భారత విద్యార్థులకు బోధనోపకరణంగా ఉన్న కాలం దాని దేహం మీద కనిపించదు. ఈ ఎంపికను తప్పుపట్టడానికి లేదు. ఒకే దేహం మీద రెండు కాలాలను చూపడం సాధ్యం కాదు. కానీ ఎంపిక జరిగిందన్న స్పృహ అవసరం. బర్మా సరిహద్దులో హరికేన్లు నడిపిన భారతీయ వైమానికుల చరిత్రకు కూడా ఇది వర్తిస్తుంది. 1944లో ఇంఫాల్ రంగంలో అర్జన్ సింగ్ నాయకత్వాన ఒకటవ భారతీయ స్క్వాడ్రన్ హరికేన్లతోనే పోరాడింది. లోకంలో ‘హరికేన్’ అనగానే ఇంగ్లండు ఆకాశమే స్ఫురించడానికి ఇటువంటి ఎంపికలూ ఒక కారణం.

ముగింపు:

హరికేన్, స్పిట్‌ఫైర్ల తులన ద్వారా మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. నిర్మాణ పద్ధతే మూలద్రవ్యం ఎంత దక్కుతుందో చాలావరకు నిర్ణయిస్తుంది. వస్తువుతోపాటు దానిని చేసిన చేతి విద్యను కాపాడకపోతే పునరుద్ధరణ దుస్సాధ్యమవుతుంది. పునరుద్ధరణ అంతా ఒక వ్యాఖ్యానమే కనుక దానికి పత్రసాక్ష్యం తోడుండాలి. ఎగిరే విమానం యుద్ధకాలపు ధ్వనిని, చలనాన్ని వినిపించి చూపగలదు. మ్యూజియంలో తాకకుండా ఉంచిన విమానం లోహపు గీతలను, రంగుపొరలను దాచగలదు. ఒకటి చేసే పని మరొకటి చేయలేదు. కనుక చరిత్ర అధ్యయనానికి రెండూ కావాలి. ఏది ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో తెలుసుకుని చదవాలి.