ఎర్విన్ ముల్లర్

ఎర్విన్ విల్హెల్మ్ ముల్లర్ (1911–1977) లోహాల్లోని పరమాణువులను విడివిడిగా కంటికి చూపించిన భౌతిక శాస్త్రవేత్త. బెర్లిన్‌లో పుట్టి, అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో గుస్తావ్ హెర్ట్జ్ దగ్గర చదువుకున్నాడు. 1952లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో చేరి, చివరిదాకా అక్కడే పనిచేశాడు.

1936లో ఆయన కనిపెట్టిన ఫీల్డ్ ఎమిషన్ మైక్రోస్కోప్‌లో కటకాలు లేవు. చూడదలచిన లోహాన్నే సన్నని సూదిగా చేసి, శూన్యంలో ఉంచి, రుణ వోల్టేజి ఇస్తే మొన నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు ఎదుటి తెర మీద దాని రూపాన్ని ఎన్నో రెట్లు పెద్దదిగా చూపుతాయి. కానీ ఎలక్ట్రాన్లు పక్కలకూ చెదురుతాయి కనుక పరమాణువులు విడిగా తేలలేదు. 1951లో ముల్లర్ వోల్టేజిని తిరగేశాడు. సూదికి ధన వోల్టేజి ఇచ్చి, చుట్టూ కొద్దిగా వాయువు వదిలాడు. మొన మీద ఉబికి ఉన్న ప్రతి పరమాణువు దగ్గరా వాయువు అయాన్లుగా మారి తెర వైపు దూసుకుపోతుంది. ఇదే ఫీల్డ్ అయాన్ మైక్రోస్కోప్.

ఇంకా మిగిలిన మసకను చల్లదనం తీర్చింది. మొనను బాగా చల్లబరిస్తే వాయు పరమాణువుల పక్కచలనం తగ్గి బొమ్మ తేటపడుతుంది. 1955 అక్టోబర్ 11న ముల్లర్, ఆయన పరిశోధక విద్యార్థి కన్వర్ బహదూర్ కలిసి, చల్లబరిచిన టంగ్‌స్టన్ మొన మీద పరమాణువులను ఒక్కొక్క చుక్కగా చూశారు. ఆ ఘనత నుంచి ఈ భారతీయ విద్యార్థి పేరును విడదీయకూడదు.

లోహశాస్త్రానికి అసలు మేలు ఆ తర్వాత జరిగింది. వోల్టేజి ఇంకా పెంచితే ఉపరితల పరమాణువులే అయాన్లై ఊడిపోతాయి. ఉల్లిపొరలు ఒలిచినట్టు లోహాన్ని పొర తర్వాత పొరగా విప్పుతూ లోపలికి వెళ్లవచ్చన్నమాట. వరుసలో చుక్క లేని చోటు ఖాళీ స్థానం. చుక్కల వలయాలు మూసుకోకుండా సుడి తిరిగితే అది డిస్‌లొకేషన్, అంటే పరమాణు వరుసలు తప్పిన లోపం. రెండు స్ఫటిక రేణువుల వరుసలు కలవని గీత రేణు సరిహద్దు. రేడియేషన్ చేసిన గాయాలూ ఇలాగే బయటపడ్డాయి. అయితే అంతటి విద్యుత్ క్షేత్రపు లాగుడును తట్టుకోగల టంగ్‌స్టన్, ఇరిడియం లాంటి లోహాలే దీనికి బాగా లొంగేవి.

పైగా చుక్క ఏ మూలకానిదో తెలిసేది కాదు. 1967లో జాన్ పానిట్జ్, బ్రూక్స్ మెక్‌లేన్‌లతో కలిసి ముల్లర్ తయారుచేసిన ఆటమ్ ప్రోబ్ ఆ కొరత తీర్చింది. తెరలో చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి దూరిన అయాన్ ప్రయాణ కాలాన్ని బట్టి మూలకాన్ని పోల్చుకున్నారు.

ముల్లర్ 1977 మే 17న మరణించాడు. అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ అదే ఏడాది మరణానంతరం ప్రకటించారు. ఆటమ్ ప్రోబ్‌ను 1988లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు త్రిమితీయం చేశారు. అణు రియాక్టర్ల ఉక్కును పెళుసుబరిచే రాగి పరమాణువుల గుంపులను ఇప్పుడు దానితో పరిశీలిస్తున్నారు.