చట్టము లేని నిర్బంధము

సేనను సమకూర్చుకొనుటకు రాజ్యములు రెండు మార్గముల నవలంబించుచున్నవి. పౌరుడు తనంతట వచ్చి కొలువున చేరుట యొకటి. ఈడు వచ్చిన పురుషుల నెల్ల శాసనముచే పిలిచి ఆయుధము పట్టించుట రెండవది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున పేర్కొనిన ఆరు విధముల బలములలో భృతబలము, అనగా జీతమునకు కుదిరిన సేన, యొకటి. స్వచ్ఛందము మేలా, నిర్బంధము మేలా యను వాదము నేటికిని తీరలేదు. ఈ రెంటి నడుమ పేరు లేని మూడవ మార్గ మొకటి కలదు. దానిని గూర్చియే యీ ప్రసంగము.

1914లో మహాయుద్ధము పుట్టినప్పుడు ఇంగ్లండునకు నిర్బంధసేన లేదు. కిచనరు ప్రభువు పిలుపు మొదలుకొని 1915 చివరి వరకు సుమారు 25 లక్షల మంది తమంతట చేరిరి. అదియు చాలకపోగా 1916 జనవరిలో పార్లమెంటు శాసనము చేసెను. మొదట 18 మొదలు 41 ఏండ్ల లోపు అవివాహితులును, మే నెలలో వివాహితులును దానికి లోబడిరి. శాసనము కఠినమే. అయినను వ్యాధిగ్రస్తుడు, కుటుంబమునకు దిక్కైనవాడు, హింస తన అంతరాత్మకు విరుద్ధమనువాడు స్థానిక న్యాయసభ యెదుట నిలిచి మినహాయింపు కోరవచ్చును. ఆ సభలు పెక్కుమార్లు నిర్దయముగా తీర్పు చెప్పినవి; లోబడనివారిలో అనేకులు చెరసాలల పాలైరి. కాని చెప్పుకొనుటకు తావును, పైసభకు పోవుటకు దారియు నుండెను.

ఆ కాలముననే భారతీయులపై అట్టి శాసన మేదియు లేదు. పేరునకు మన సైనికులందరును స్వచ్ఛందముగా చేరినవారే. ఒక్క పంజాబు నుండియే యుద్ధము ముగియులోపల సుమారు 3,50,000 మంది సేనలో చేరిరి. జీతము, పింఛను, తాతతండ్రుల నాటి కొలువు, కాలువ క్రింద భూమి దొరకునను ఆశ తొలుత వారిని నడిపించినవి. తరువాత ఇంకను మనుష్యులు కావలసివచ్చిరి. లెఫ్టినెంటు గవర్నరు సర్ మైకేల్ ఓడ్వయరు పాలనలో జిల్లాకు ఇంతమంది యని లెక్క యేర్పడెను. జిల్లా దానిని తహసీళ్లకును, తహసీలు ఊళ్లకును పంచెను. తుదకది లంబర్దారు మెడకు చుట్టుకొనెను. లంబర్దారనగా పూర్వము మన యూళ్ల మునసబు వంటివాడు. రంగరూటులను చూపినవానికి బిరుదులు, భూములు. చూపనివానికి ఉద్యోగము పోవునను భయము. అట్టి యెడ ఆ భారము ఎవని కొడుకుపై బడునో, ఊరి నెరిగిన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంగ్లండు రైతుబిడ్డకు న్యాయసభ కలదు. పంజాబు రైతుబిడ్డకు లేదు. తానై వచ్చినాడని వ్రాసుకొనిన పిమ్మట వాడు దేనినుండి మినహాయింపు కోరవలెను?

1918లో ఢిల్లీ యుద్ధసభ పిమ్మట గాంధీ మహాత్ముడు గుజరాతులోని ఖేడా జిల్లాలో రంగరూటులకై స్వయముగా ఊరూర తిరిగెను. శిస్తు సత్యాగ్రహమునాడు బండ్లను ఉచితముగా నిచ్చిన పల్లెలలో ఈసారి కిరాయికైనను బండి దొరకుట కష్టమయ్యెను. చేరినవారు స్వల్పులు. అంతటివాడు అడిగినను రైతులు రామని చెప్పగలిగిరి. స్వచ్ఛంద మనగా నిదియే. ఆ మహాత్ముడే సభ్యుడుగా నున్న కాంగ్రెసు విచారణ సంఘము, 1920లో ప్రకటించిన నివేదికయందు పంజాబు పల్లెలలోని బలవంతపు చేరికలను బయట పెట్టెను.

రెండవ ప్రపంచయుద్ధమున, 1945 నాటికి, భారతసేన సుమారు 25 లక్షలకు పెరిగెను. అప్పుడును నిర్బంధ శాసనము భారతీయులపై లేదు. అందు మన తెలుగువారును కలరు. ఉత్సాహముతో చేరినవారిని తక్కువ చేయరాదు. కాని ఇంట గింజలు లేక చేరినవానికి ఆకలియే లంబర్దారు.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. ప్రజాప్రయోజనమునకై నిర్బంధసేవ విధించు అధికారమును రాజ్యమునకు విడిచినను, అందు మత, జాతి, కుల, వర్గ భేదము చూపరాదని కట్టడి చేసినది. నేటికిని మన సేన స్వచ్ఛందసేనయే.

కావున పేరును బట్టి మోసపోరాదు. పిలువబడినవాడు కాదనగలడా? కాదనరాని చట్టమైనచో, అది కలవాని కొడుకునకును లేనివాని కొడుకునకును ఒక్కటియేనా? వాని మొర వినువాడు కలడా? ఈ మూడు ప్రశ్నలను అడుగుటయే పెద్దరికము. ఎందుకన, లెక్క ఎక్కడ పుట్టినను, దానిని పూరించుమని అడుగువాడు తుదకు వచ్చునది ఊరిపెద్ద వాకిటికే.