గీత మారితే ఏం మారుతుంది?

హైదరాబాదులోని యూసుఫ్‌గూడ 2009 ఎన్నికల నుంచి జూబ్లీహిల్స్ నియోజకవర్గం కింద ఉంది. గీత మారినందువల్ల అక్కడివాళ్లకు ఎమ్మెల్యే మారి ఉండొచ్చు గానీ, ఇల్లు అమ్ముకునే చట్టం మారలేదు. మన ఏజెన్సీలో అలా కాదు. ఊరు ఏ గీత లోపల ఉందో చూసే భూమి ఎవరిదో తేలుస్తారు.

భద్రాచలం సంగతే చూడండి. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ తాలూకాను నిజాం 1860లో ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. వాళ్లు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంచి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో అది తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. తెలంగాణ ఏర్పడటానికి నాలుగు రోజుల ముందు, 2014 మే 29న, పోలవరం ముంపు పేరుతో ఆర్డినెన్సు వచ్చింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రలోకి వెళ్లాయి. కుడి ఒడ్డున కుక్కునూరు, వేలేరుపాడు కూడా వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న యటపాక ఆంధ్రకు పోయింది. కోయల, కొండరెడ్ల బంధుత్వాలు మాత్రం రెండు వైపులా ఉన్నాయి.

ఇవన్నీ పాలన కోసం గీసిన గీతలు. వీటికంటే ముఖ్యమైన గీత ఇంకొకటి ఉంది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం, ఏవి షెడ్యూల్డు ప్రాంతాలో ప్రకటించే అధికారం రాష్ట్రపతిది. 1950లో మద్రాసు వైపు ప్రాంతాలకు జనవరి 26న, హైదరాబాదు రాష్ట్రానికి డిసెంబరు 7న ఆ ఉత్తర్వులు వచ్చాయి. 1/70 చట్టం నిలబడింది ఆ గీత మీదే. గీత లోపలి భూమిని గిరిజనేతరుల పేరున రాయించుకుంటే ఆ రాత చెల్లదు. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఈ రక్షణ పోదు. కానీ ఆ ఉత్తర్వు పరిధిలోకి రాని ఊళ్లో అందరూ ఆదివాసులే అయినా 1/70 వర్తించదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు కొండ దిగువ ఊళ్లవాళ్లు తమను చేర్చమని అడుగుతున్నది అందుకే.

రాష్ట్రాల సరిహద్దు మార్చాలంటే శాసనసభ అభిప్రాయం అడగాలని రాజ్యాంగం మూడో అధికరణం చెబుతుంది. గ్రామసభను అడగమని అందులో లేదు. కాబట్టి మనం ముందే తెలుసుకుని ఉండాలి. మాస్టార్లు పిల్లలకు జిల్లా పటం గీయించేటప్పుడు, పక్కనే షెడ్యూల్డు హద్దు కూడా గీయించండి. మన ఊరు ఆ హద్దుకు ఏ వైపు ఉందో ప్రతి పిల్లవాడూ వేలు పెట్టి చూపించగలగాలి.