తెర మీద గాజు ఎలా పుట్టింది? ఆక్వా నుంచి లిక్విడ్ గ్లాస్ దాకా

ఈ ఎపిసోడ్‌లో గాజు గురించి మాట్లాడుకుందాం. కిటికీ గాజు కాదు, ఫోన్ మీద అతికించే టెంపర్డ్ గ్లాసూ కాదు. తెర లోపల కనిపించే గాజు.

నోటిఫికేషన్లు చూడ్డానికి పైనుంచి కిందికి లాగుతాం కదా, అప్పుడు వెనకాల వాల్‌పేపర్ మసకమసకగా కనిపిస్తుంది. కొన్ని వీడియోల్లో కింద పేరు వచ్చే పట్టీ కూడా అంతే. వెనక మనిషి కదిలితే ఆ చొక్కా రంగు పట్టీలోంచి లీలగా జారుతుంది. నిజానికి అక్కడ ఉన్నది చదునైన ఒక డబ్బా. మరి మన కన్ను దాన్ని గాజు అని ఎందుకు నమ్ముతోంది?

దీనికి జవాబు కంప్యూటర్ల కంటే చాలా పాతది. 17వ శతాబ్దంలో హాలండ్‌లో విల్లెం క్లాస్ హెడా అనే చిత్రకారుడు ఉండేవాడు. టేబుల్ మీద గాజు గ్లాసులు, వెండి పళ్ళేలు గీయడంలో దిట్ట. ఆయన గ్లాసుల్ని దగ్గరగా చూడండి, వాటి మీద చిన్న తెల్లటి కిటికీ కనిపిస్తుంది. గదిలో ఉన్న కిటికీ ప్రతిబింబం అది. కిటికీ మెరుపు వేశాడు, వెనక ఉన్న వస్తువుని కాస్త వంకరగా చూపించాడు, అంతే, గాజు అయిపోయింది. అంటే గాజుని ఎవరూ గీయలేరు. దాని చుట్టూ ఏముందో, వెనక ఏముందో గీస్తారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. 1980లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే టర్నర్ విటెడ్ ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. కాంతి కిరణం గాజు గోళాన్ని తాకితే ఎంత వంగుతుంది, ఎంత వెనక్కి తిరుగుతుంది, ఇదంతా లెక్క కట్టి బొమ్మ తీశాడు. చదరంగం గళ్ళ లాంటి నేల మీద తేలే గాజు గోళం. బొమ్మ అద్భుతంగా వచ్చింది. కానీ ఆ ఒక్క బొమ్మకి అప్పటి కంప్యూటర్ గంటకు పైగా తీసుకుంది. వీడియో అంటే సెకనుకి 24 బొమ్మలో 30 బొమ్మలో కావాలి. ఈ లెక్కన అయ్యే పని కాదు. అందుకే తెర మీద కదిలే గాజు కోసం దొంగదారులు వెతకాల్సి వచ్చింది.

మొదటి దొంగదారి 2000 జనవరిలో బాగా పేరు తెచ్చుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ మ్యాక్ కోసం ఆక్వా అనే కొత్త రూపం చూపించాడు. బటన్లు జెల్లీ మిఠాయిల్లా ఉంటాయి. చూడగానే నాకాలనిపించాలి అన్నట్టు ఆయనే చమత్కరించాడు. కానీ లోపల లెక్కలేం లేవు. పై సగంలో తెల్లటి మెరుపు, కింద కాస్త వెలుగు, అడుగున నీడ. అన్నీ ముందే గీసిపెట్టిన బొమ్మలు. ఇంత తేలికైన కిటుకు కాబట్టి ప్రపంచమంతా పాకింది. వెబ్‌సైట్ లోగోలు, టీవీ గ్రాఫిక్స్, అన్నీ మెరిశాయి. మన న్యూస్ ఛానెళ్ళ బ్రేకింగ్ న్యూస్ పట్టీ మీద ఎడమ నుంచి కుడికి జర్రున జారే తెల్ల గీత గుర్తుందా? అదీ ఈ కుటుంబంలోదే.

రెండో దారి 2007లో జనంలోకి వచ్చింది. విండోస్ విస్టా, దానిలో ఏరో గ్లాస్. ఇక్కడ మెరుపు గీయడంతో ఆగలేదు. విండో అంచు వెనక ఏముంటే దాన్ని అప్పటికప్పుడు మసక చేసి చూపించారు, బాత్రూమ్ కిటికీకి పెట్టే గరుకు అద్దంలా. మసక చేయడం అంటే ఏంటి? ప్రతి చుక్క రంగుని చుట్టుపక్కల చుక్కల రంగులతో కలిపి సగటు తీయడం. దగ్గరి చుక్కకి ఎక్కువ విలువ, దూరపు చుక్కకి తక్కువ. దీన్నే గాసియన్ బ్లర్ అంటారు. అటూ ఇటూ 20 చుక్కలు తీసుకుంటే 41 ఇంటూ 41, అంటే ఒక్క చుక్క కోసం 1681 చుక్కలు చదవాలి. అదే ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా చేస్తే 82తో పని అయిపోతుంది, ఫలితం మాత్రం అదే!

అయినా అప్పటి చవక కంప్యూటర్లకి ఇది బరువే. విస్టాకి పనికొస్తుందని స్టిక్కర్ అంటించి అమ్మిన కొన్ని మెషీన్లలో ఏరో అసలు నడవలేదు. అమెరికాలో కొన్నవాళ్ళు మైక్రోసాఫ్ట్ మీద కోర్టుకెళ్ళారు. 2012లో విండోస్ 8 వచ్చేసరికి ఏరో గ్లాస్‌ని తీసేశారు. 2013లో ఐఓఎస్ 7 కూడా మెరిసే ఐకాన్లని చదును చేసింది. కానీ తమాషా చూడండి, అదే ఐఓఎస్ 7 కంట్రోల్ సెంటర్‌లో మసక గాజుని తెచ్చిపెట్టింది. మెరుపు పోయింది, మసక మిగిలింది.

2017లో మైక్రోసాఫ్ట్ అక్రిలిక్ పేరుతో మళ్ళీ గాజుని తెచ్చింది. మసక మీద పల్చటి రంగు, దాని మీద కంటికి కనీకనిపించని ఇసుక లాంటి నాయిస్. 2020లో ఈ పోకడకి గ్లాస్‌మార్ఫిజం అనే పేరు వాడుకలోకొచ్చింది. 2025 జూన్‌లో ఆపిల్ లిక్విడ్ గ్లాస్ ప్రకటించింది. ఈసారి అంచుల దగ్గర వెనక బొమ్మ వంగుతుంది కూడా. హెడా కుంచెతో చేసిన వంకర ఇప్పుడు మన వేలి కింద కదులుతోంది.

మరి అందరూ సంతోషించారా? లేదు. అక్షరాలు కనిపించట్లేదని చాలామంది మొత్తుకున్నారు. చివరికి ఐఓఎస్ 26.1లో గాజుని కాస్త చిక్కగా మార్చుకునే ఆప్షన్ ఇచ్చారు.

మీరు వీడియోలు ఎడిట్ చేస్తుంటే ఈ చరిత్ర నుంచి తీసుకోవాల్సినవి రెండున్నాయి.

ఒకటి. వెనక ఒకే రంగు ఉంటే గాజు కనిపించదు. నీలాన్ని ఎంత మసక చేసినా నీలమే కదా! చాలామంది బ్లర్ పెంచుకుంటూ పోయి, ఎఫెక్ట్ పనిచేయట్లేదనుకుంటారు. ముందు ఆ చదును బ్యాక్‌గ్రౌండ్ మీద రెండు మూడు రంగుల గుండ్రాలు వేసి మెల్లగా కదిలించండి. తర్వాత ఆ లేయర్‌ని కాపీ చేసి, పట్టీ ఆకారంలో కత్తిరించి, బ్లర్ ఇవ్వండి. పైన పల్చటి తెలుపో నలుపో, వెలుగు వచ్చే వైపు అంచుకి సన్నటి తెల్ల గీత, అడుగున మెత్తటి నీడ. అప్పుడు చూడండి.

రెండోది, ఇంకా ముఖ్యం. మన తెలుగు అక్షరాలు. తిరు, తీరు. రెండిటికీ తేడా గుడి చివర ఒక చిన్న మెలిక. వత్తులైతే ఇంకా చిన్నవి. వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5కి 1 కాంట్రాస్ట్ ఉండాలంటాయి. వీడియోలో వెనక రంగు ప్రతి క్షణం మారుతుంది. తెల్ల అక్షరాల వెనక్కి తెల్ల చొక్కా వచ్చే ఫ్రేమ్ ఎక్కడుందో వెతికి, అక్కడ చదవగలిగితేనే సరే అనుకోండి. లేకపోతే గాజుని చిక్కగా చేయండి. ఎండలో బస్టాప్‌లో నిలబడి, పాత ఫోన్‌లో చూసేవాళ్ళకి మీ గాజు అందం కన్నా మీరు రాసిన పేరు కనపడటమే ముఖ్యం.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ ఫోన్‌లో ఈ గాజు కంటికి ఇబ్బందిగా ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో వెతకండి, ఐఫోన్‌లో రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ అని ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌లోనూ ఒకసారి చూసి పెట్టండి. మళ్ళీ కలుద్దాం.