యాక్టింగు దొరలు

ఒకరి కుర్చీలో మరొకరు కొన్నాళ్లు కూర్చోవలసి వస్తే మనం 'ఇన్‌చార్జి' అనేసి ఊరుకుంటాం. ఇన్‌చార్జి హెడ్మాస్టరు, ఇన్‌చార్జి కలెక్టరు, ఆఖరికి ఇన్‌చార్జి పూజారి కూడాను. ఇంగ్లీషువాళ్లు అంత తేలిగ్గా వదల్లేదు. అసలాయన పోయాడా, సెలవులో వెళ్లాడా? వచ్చినాయన పెత్తనం చేస్తాడా, ఉత్త కాపలా కాస్తాడా? ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకున్నారు. పైకి అన్నీ ఒకటిలాగే వుంటాయి గాని, ఆ వెంట్రుకవాసి తేడాల మీద గవర్నరు జనరళ్ల ఉద్యోగాలు, దేశాధ్యక్షుల పరువు ఆధారపడిన రోజులున్నాయి.

ముందు చిన్న మాటలు చూద్దాం. డాక్టరుగారు ఊరెళితే ఆయన బదులు రోగుల్ని చూసే డాక్టర్ని ఇంగ్లండులో 'లోకమ్' అంటారు. లాటిన్‌లో 'లోకమ్ టెనెన్స్', అంటే చోటు పట్టి వుంచేవాడు. బస్సులో సీటు మీద మనం చేతిరుమాలు వేస్తాం చూడండి, అదే పని. ఆ అర్థాన్నే ఫ్రెంచివాళ్లు తమ మాటల్లో చెప్పుకుంటే 'లెఫ్టినెంట్' అయింది. అంచేత మీసాలు తిప్పే ఆ మిలిటరీ దొర కూడా పుట్టుకలో చేతిరుమాలే! సినిమాలో 'స్టాండిన్' అంటే లైట్లు సర్దుకునేదాకా హీరోయిన్ చోట నిలబడే అమ్మాయి. కెమెరా తిరిగే వేళకి పక్కకి తప్పుకోవాలి. నాటకాల్లో 'అండర్‌స్టడీ' అలా కాదు, పాత్రంతా కంఠతా పట్టి తెరవెనక కాచుకుని వుంటుంది. 1954లో న్యూయార్కులో కారొల్ హేనీ మడమకు దెబ్బ తగిలితే ఆవిడ బదులు రంగం మీదకొచ్చిన పిల్లే తర్వాత పెద్ద తార అయిన షర్లీ మెక్లేన్. ఇక మన మెకానిక్కులు రోజూ అనే 'స్టెప్నీ' మాట వేల్స్‌లో లనెల్లి అనే ఊళ్లో ఒక వీధి పేరు. 1904లో అక్కడ విడిచక్రాలు తయారుచేసి అమ్మారు. ఆ మాట ఇంగ్లండులో మరుగున పడింది గాని మన లారీ షెడ్లలో నిక్షేపంలా వుంది.

ఇవన్నీ సరే, అసలు పేచీ అంతా 'యాక్టింగ్' దగ్గర. మనకి ఆ మాట వినగానే నటన గుర్తొస్తుంది. ఆఫీసు భాషలో మాత్రం అది నటన కాదు, కుర్చీకున్న అధికారమంతా వుంటుంది, పేరొక్కటే వుండదు. నేను ఒకప్పుడు ప్రసూతి సెలవు మీద వెళ్లిన టీచరమ్మ బదులు మూడు నెలలు పాఠాలు చెప్పాను. హాజరుపట్టీలో నా పేరు అందరికన్నా కింద, పెన్సిల్‌తో రాశారు. కాని నేను దిద్దిన పరీక్ష పేపర్ల మీద వేసినవి పెన్సిల్ మార్కులు కావు గదా! పాసైన పిల్లలు పాసయ్యారు, తప్పినవాళ్లు తప్పారు. పేరు పెన్సిల్‌ది, మార్కులు సిరావి. యాక్టింగ్ అంటే సరిగ్గా అదీ.

మన దేశ చరిత్రలో ఇలా పెన్సిల్ పేరుతో సిరా పనులు చేసిన దొరలు ఇద్దరున్నారు. 1823 జనవరిలో గవర్నరు జనరల్ హేస్టింగ్స్ ప్రభువు ఓడెక్కి వెళ్లిపోయాడు. (వారన్ హేస్టింగ్స్ కాదు, ఈయన వేరు.) కొత్తగా వేసిన ఆమ్హర్స్ట్ ప్రభువు ఆగస్టుకి గాని కలకత్తా చేరలేదు. మధ్యలో ఆ ఏడు నెలలూ జాన్ ఆడమ్ అనే ఆయన యాక్టింగ్ గవర్నరు జనరల్. వచ్చినవాడు ఊరికే కూర్చోవచ్చు గదా? 'కలకత్తా జర్నల్' ఎడిటరు బకింగ్‌హామ్‌ని దేశంలోంచి వెళ్లగొట్టాడు. లైసెన్సు లేనిదే ఎవరూ పత్రిక అచ్చువేయకూడదన్నాడు. రామమోహన్ రాయ్ తదితరులు కలకత్తా సుప్రీంకోర్టుకి అర్జీ పెట్టుకున్నారు, ఇంగ్లండు రాజుగారిదాకా మొరపెట్టుకున్నారు. లాభం లేకపోయింది. రాయ్ తన పారశీక పత్రిక 'మిరాతుల్ అఖ్బార్' మూసేశాడు. ఆడమ్ 1825లో స్వదేశానికి వెళుతూ దారిలోనే చనిపోయాడు. ఆయన ఏడు నెలల కుర్చీలోంచి పుట్టిన రూలు మాత్రం పన్నెండేళ్లు బతికింది.

దాన్ని తీసేసింది ఎవరనుకున్నారు? మళ్లీ ఒక యాక్టింగు దొరే! 1835 మార్చిలో బెంటింక్ వెళ్లిపోయాక, ఆక్లండ్ వచ్చేదాకా దాదాపు ఏడాదిపాటు ఆ కుర్చీలో కూర్చున్నవాడు సర్ చార్లెస్ మెట్కాఫ్. ఈయన మన హైదరాబాదుకి కొత్తవాడు కాడు. 1820 నుంచి 1825 దాకా ఇక్కడ రెసిడెంటు. కోఠీలో మన ఆడపిల్లలు తరతరాలుగా చదువుకున్న ఉమెన్స్ కాలేజీ మేడే ఆనాటి రెసిడెన్సీ. నిజాము ప్రభుత్వానికి అధిక వడ్డీలకు అప్పులిచ్చిన పామర్ కంపెనీతో ఇక్కడ గట్టిగా తగవు పెట్టుకున్నాడు. ఆ కంపెనీలో వాటాదారుడొకాయన భార్య సాక్షాత్తూ హేస్టింగ్స్ ప్రభువు పెంపకంలో పెరిగిన పిల్ల. అయినా వెనక్కి తగ్గలేదు.

అటువంటి మనిషి కలకత్తాలో ఊరుకుంటాడా? మెకాలే చట్టం రాసిపెట్టాడు, 1835 సెప్టెంబరు 15 నుంచి పత్రికలకు లైసెన్సు బెడద తీరింది. కలకత్తావాళ్లు సంబరపడి చందాలు వేసుకుని 'మెట్కాఫ్ హాలు' కట్టించారు. అది ఇప్పటికీ వుంది. లండనులో కంపెనీ డైరెక్టర్లకు మాత్రం ఒళ్లు మండింది. పక్కా మనిషి వచ్చేదాకా ఆగలేకపోయావా అని కాబోలు. మద్రాసు గవర్నరు పదవి ఖాళీ అయినప్పుడు ఆయన్ని కాదని ఇంకొకరికి ఇచ్చారు. ఆయనకు దక్కింది ఉత్తరాదిన లెఫ్టినెంట్ గవర్నరు పదవి, అంటే మళ్లీ చేతిరుమాలే! 1838లో రాజీనామా ఇచ్చి ఇంగ్లండు వెళ్లిపోయాడు. నాకు మాత్రం, ఎన్నాళ్లో వుండని కుర్చీ కాబట్టే ఇద్దరికీ అంత తెగువ వచ్చిందనిపిస్తుంది. ఒకాయన తెగువ పత్రికల గొంతు నొక్కింది, ఇంకొకాయన తెగువ విప్పింది, అంతే తేడా.

ఆ తర్వాత ఆరేళ్లకే అమెరికాలో ఈ మాట మీద పెద్ద రభస జరిగింది. 1841లో అధ్యక్షుడు హారిసన్ పదవిలోకి వచ్చిన నెల్లాళ్లకే పోయాడు. అలాంటప్పుడు 'అది' ఉపాధ్యక్షుడికి వస్తుందని వాళ్ల రాజ్యాంగంలో వుంది. 'అది' అంటే పదవా, పని మాత్రమేనా? పదవేనన్నాడు ఉపాధ్యక్షుడు జాన్ టైలర్. 'యాక్టింగ్ ప్రెసిడెంటు గారికి' అని ఎవరైనా ఉత్తరం రాస్తే విప్పకుండా తిప్పి పంపేవాడట! గిట్టనివాళ్లు ఆయనకు 'యాక్సిడెంటు దొరగారు' అని పేరు పెట్టారు. ఆయన పట్టు చట్టంగా రాజ్యాంగంలోకి ఎక్కడానికి 1967 దాకా పట్టింది.

మన రాజ్యాంగం రాసినవాళ్లు ఈ పేచీ లేకుండా 65వ అధికరణంలో రెండు మాటలు విడివిడిగా వాడారు. రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి 'రాష్ట్రపతిగా వ్యవహరిస్తారు'. రాష్ట్రపతి వుండీ, జబ్బుచేసో దేశంలో లేకో పని చూడలేకపోతే 'ఆయన విధులు నిర్వర్తిస్తారు'. 1961లో రాజేంద్రప్రసాద్ గారికి జబ్బు చేసినప్పుడు రాధాకృష్ణన్ గారు చేసింది రెండోది. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ గారు పోయినప్పుడు మన వి.వి. గిరి గారు చేసింది మొదటిది.

గిరి గారు రాష్ట్రపతి ఎన్నికలో నిలబడదలచి జూలై 20న రాజీనామా ఇచ్చారు. సరిగ్గా ముందురోజు, పద్నాలుగు బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు! ఆయనా వెళ్లిపోవడంతో, ఆ మే నెలలోనే చేసిన ఒక చట్టం ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా గారు ఆ కుర్చీలోకి వచ్చారు. ఆయన కుర్చీలోకి జస్టిస్ షా గారు, యాక్టింగ్‌గానే. ఆర్డినెన్సు స్థానంలో పార్లమెంటు చేసిన చట్టం మీద ఆగస్టు 9న సంతకం హిదాయతుల్లా గారిది. దాన్ని సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరిలో కొట్టేస్తే మళ్లీ ఆర్డినెన్సు వచ్చింది, అప్పటికి గిరి గారు పూర్తి రాష్ట్రపతి. ఏమైనా, మనం నగలు దాచుకునే లాకర్లు సర్కారు బ్యాంకులవి కావడం వెనక రెండు యాక్టింగు సంతకాలున్నాయి.

మళ్లీ అమెరికా మాటే ఇంకొకటి చెప్పాలి, టైలర్ గారి పట్టుదలకి ఫలితం అది. 1919 అక్టోబరులో అధ్యక్షుడు విల్సన్‌కి పక్షవాతం వచ్చింది. ఉపాధ్యక్షుడు మార్షల్ కుర్చీ దగ్గరికి రావడానికే జంకాడు. టైలర్ పెట్టిన ఒరవడి ప్రకారం ఒకసారి కూర్చుంటే అది పూర్తిగా తనదైపోతే? విల్సన్ కోలుకుంటే ఎలా లేవడం? అంచేత కుర్చీ ఖాళీగానూ లేదు, నిండుగానూ లేదు. మంచం పక్కన మాత్రం ఆయన భార్య ఎడిత్ వుంది. మంత్రులు తెచ్చిన కాగితాలన్నీ ముందు ఆవిడ చూసేది.

1939లో తన జ్ఞాపకాలు రాసుకుంటూ ఆ పనికి ఆవిడ పెట్టుకున్న పేరు 'స్టివార్డ్‌షిప్'. పాత ఇంగ్లీషులో స్టివార్డ్ అంటే ఇంటిని కాచేవాడు. ప్రభుత్వ వ్యవహారాల్లో తానొక్క నిర్ణయమూ చేయలేదనీ, ఏ కాగితం ముఖ్యమైనది, ఏది ఎప్పుడు ఆయనకు చూపించాలన్నది మాత్రమే తాను తేల్చాననీ రాసుకుంది. ఇల్లు నడిపిన మనకెవరికైనా ఆ 'మాత్రమే' ఎంత పెద్దదో తెలుసు. 1921 మార్చి దాకా పదిహేడు నెలలు అలాగే నడిచింది. సంతకాలు విల్సన్ గారివే. మంత్రులకు తిరిగొచ్చిన కాగితాల అంచుల్లో 'అధ్యక్షులవారి అభిప్రాయం ఇదీ' అన్న రాత మాత్రం ఎడిత్‌ది.